అర మిల్లీమీటరు గోడ అవతల కన్ను

కంటిగూటికీ, ముక్కు లోపలి గాలి గదులకీ (సైనస్‌లకీ) నడుమ ఉన్న ఎముక కొన్నిచోట్ల అర మిల్లీమీటరు మందం కూడా ఉండదు. 2021 వేసవిలో, కొవిడ్ రెండో ఉధృతిలో, హైదరాబాదు కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి బ్లాక్ ఫంగస్ రోగులు వరుసకట్టినప్పుడు ఎందరికో ఆ గోడ దాటి జబ్బు కంటికి చేరింది.

దీనికి కారణమైన మ్యూకర్ కుటుంబపు బూజులు కుళ్లిన పండ్ల మీద, పెంటకుప్పల్లో మామూలుగా పెరిగేవే. వాటి బీజాలను రోజూ పీలుస్తూనే ఉంటాం. తెల్ల రక్తకణాలు వాటిని మట్టుపెడతాయి. షుగరు అదుపు తప్పితే ఆ కణాలు మందగిస్తాయి. కీటోన్లు పెరిగి రక్తం ఆమ్లంగా మారితే, ప్రోటీన్లు పట్టి ఉంచిన ఇనుము విడివడి బూజుకు మేతవుతుంది. కొవిడ్‌కు వాడిన స్టెరాయిడ్లు ఒకపక్క షుగరు పెంచి, మరోపక్క రోగనిరోధక శక్తిని తగ్గించాయి. ఇది మనిషి నుంచి మనిషికి అంటే జబ్బు కాదు.

బూజు పోగులు రక్తనాళాల గోడల్ని తొలుచుకుపోతాయి. లోపల రక్తం గడ్డకడుతుంది, సరఫరా ఆగి కండ చచ్చి నల్లబడుతుంది. అంగిట్లో కనిపించే నలుపు ఆ చచ్చిన కండదే. రక్తం పారని చోటికి నరంలోకి ఎక్కించే మందూ పోదు. అందుకే సర్జన్లు తాజా రక్తం చిమ్మే కండ కనిపించేదాకా తొలగిస్తారు; ఒక్కోసారి ప్రాణం కోసం కన్నే తీసేయాల్సి వస్తుంది.

ముక్కులోంచి తీసిన కండను పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో వేసి మైక్రోస్కోపులో చూస్తే చాలా విషయం తెలుస్తుంది. మ్యూకర్ పోగులు వెడల్పుగా, అడ్డుగోడలు దాదాపు లేకుండా, లంబకోణంలో కొమ్మలేస్తాయి. ఆస్పర్‌జిల్లస్ అనే మరో బూజు పోగులు సన్నగా, అడ్డుగోడలతో, ఏటవాలుగా చీలతాయి. ఈ తేడా మందునే మార్చేస్తుంది: ఆస్పర్‌జిల్లస్‌కు పనిచేసే వొరికొనజోల్ మ్యూకర్‌ను ఏమీ చేయలేదు. దానికి యాంఫోటెరిసిన్-బి కావాలి. మూత్రపిండాలకు భారమైన ఈ మందును కొవ్వు బుడగల్లో పొదిగి ఇస్తే ఆ హాని తగ్గుతుంది.

షుగరు ఉన్నవారికి ఒకవైపు చెంప మొద్దుబారినా, పైపళ్లు కదిలినా, కనురెప్ప వాచినా, ఒక వస్తువు రెండుగా కనిపించినా జలుబేలే అని సరిపెట్టుకోకూడదు. అదే రోజు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకుని, షుగరు పరీక్షా చేయించుకోవాలి. అంగిట్లో నలుపు కనపడేసరికి కొంత కండ ఇక దక్కదు.