క్రొత్త మోటారు సైకిలును నమ్మవచ్చునా?

దూర ప్రయాణములకును, చెడిన బాటలకును అనువుగా నిర్మింపబడిన పెద్ద మోటారు సైకిళ్లు ఇప్పుడు మన మధ్యతరగతి ఇండ్లకు కూడ వచ్చి చేరుచున్నవి. వర్తకులు వీనిని 'అడ్వెంచర్ టూరర్' అని పిలుతురు. హైదరాబాదునకు ఉత్తరపు శివారులైన మేడ్చల్, శామీర్‌పేటలలో సెలవునాటి ఉదయమున వెనుక సంచులు కట్టుకొని సాగిపోవు ఇట్టి బండ్లను పెక్కుమంది చూచియే యుందురు. రెండు మూడు లక్షల రూపాయలు పోసి కొన్నవానికి అది వేడుక. ఇంటనున్న తల్లికి గాని, భార్యకు గాని పుట్టు ప్రశ్న వేరు. ఊరికి దూరమున, రాత్రివేళ, ఆ బండి ఆగిపోయినచో ఏమి గతి? "క్రొత్త బండి కదా, ఏమియు కాదు" అను సమాధానము ఈ ప్రశ్నకు చాలదు. ఎందుకు చాలదో, ఏది చాలునో వివరించుటయే మా ఉద్దేశము.

ముందుగా ఈ జాతి బండిని గూర్చి నాలుగు మాటలు. 1980లో జర్మనీ దేశపు బి.ఎం.డబ్ల్యు. సంస్థ ఆర్ 80 జి/ఎస్ అను బండిని వెలువరించినది. తారు రోడ్డుపై వేగముగను, మట్టి బాటపై నిబ్బరముగను ఒకే యంత్రము నడవవలెనను ఆలోచనకు అది పేరు మోసిన తొలి రూపము. మరుసటి సంవత్సరమే ప్యారిస్ నుండి ఆఫ్రికాలోని డకార్ వరకు సాగు ఎడారి పందెమున ఆ సంస్థ బండి గెలుపొందినది. మన దేశమున రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి హిమాలయన్ 2016లో, 411 సి.సి. ఇంజనుతో వచ్చినది. పిదప 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200, 2020లో కె.టి.ఎం. 390 అడ్వెంచర్ వచ్చినవి. 2023 చివర హిమాలయన్ మరల క్రొత్త రూపు దాల్చి, ద్రవముతో చల్లబరచు 452 సి.సి. ఇంజనుతో వెలువడినది. దాని ముందు చక్రము 21 అంగుళములది, వెనుక చక్రము 17 అంగుళములది. చక్రము పెద్దదైన కొలది గుంటలో పూర్తిగా దిగబడక పైపైన దాటిపోవును. ఇట్లే పొడవైన షాక్ అబ్సార్బర్లు, నేల తగులని ఎత్తు, చక్రము బిగుసుకొనకుండ కాపాడు ఎ.బి.ఎస్. బ్రేకులు ఇందు అమరియున్నవి. సౌకర్యములు పెరిగినప్పుడు భాగముల సంఖ్యయు పెరుగును. నమ్మకమును గూర్చిన చర్చ ఇచ్చటనే మొదలగుచున్నది.

విశ్వసనీయత యనగా నేమి? ఒక యంత్రము నిర్ణయించిన పరిస్థితులలో, నిర్ణయించిన కాలము వరకు, చెడక పనిచేయు సంభావ్యతయే విశ్వసనీయత యని ఇంజనీర్లు చెప్పుదురు. ఇది అందమునకు గాని, బలమునకు గాని పర్యాయపదము కాదు. లెక్క వేసి చూతము. ఒక బండిలో ఏ ఒక్కటి చెడినను బండి ఆగిపోవునట్టి భాగములు 100 ఉన్నవనుకొందము. ఒక్కొక్క భాగము వేయింట ఒక్కటి మాత్రమే చెడుననుకొందము. వినుటకు ఇది గొప్ప నాణ్యతయే. కాని నూరు భాగములును ఒక్కసారిగా సరిగా నుండు సంభావ్యత సుమారు నూటికి 90 మాత్రమే. అనగా నూరు బండ్లలో ఇంచుమించు పదింటికి ఏదో ఒక ఇబ్బంది తప్పదు. అదే భాగములు పదివేలకు ఒక్కటి మాత్రమే చెడునంత నాణ్యముగా నున్నచో, ఇబ్బంది పడు బండ్లు నూటికి ఒక్కటికి దిగును. కావున ఒక్క చిన్న తీగ, ఒక్క స్విచ్చి, ఒక్క బోల్టు ఎంత శ్రద్ధతో తయారైనవో దానిపై మొత్తము యంత్రపు పరువు ఆధారపడియుండును.

రెండవ సంగతి యంత్రముల వయస్సును గూర్చినది. మనుష్యులకు బాల్యము, యౌవనము, వార్ధక్యము ఉన్నట్లే యంత్రములకును మూడు దశలు కలవు. తొలి దినములలో తయారీ లోపములు బయటపడును. లోపమున్న భాగములు త్వరగా చెడి, వాని స్థానమున మంచివి వచ్చి చేరిన పిదప చాల కాలము యంత్రము నిలుకడగా నడచును. చివరకు అరుగుదల చేత మరల చెడుట ఎక్కువగును. ఈ మార్పును కాగితముపై గీసినచో స్నానపు తొట్టి ఆకారము వచ్చును. రెండు అంచులు ఎత్తుగను, నడుమ పల్లముగను ఉండును. క్రొత్త బండి ఆ తొట్టి యొక్క మొదటి అంచుపై నున్నదని గ్రహింపవలెను. 'కొత్తొక వింత, పాతొక రోత' యను సామెత మనస్సునకు సరిపోవచ్చును గాని, యంత్రమునకు సరిపోదు. పది వేల కిలోమీటర్లు చక్కగా నడచి, వేళకు నూనె మార్పించుకొన్న బండి, నిన్న దుకాణము నుండి వచ్చిన బండి కంటె నమ్మదగినది.

దీనికి ఒక ప్రసిద్ధమైన ఉదాహరణము కలదు. 2021 మే నెలలో రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ బుల్లెట్, క్లాసిక్, మీటియర్ 350 బండ్లలో 2,36,966 బండ్లను పరీక్షకై వెనుకకు పిలిచినది. ఇవి దూరయాత్రల కొరకై ప్రత్యేకముగా చేసినవి కావు. అయినను విషయము ఒక్కటే. 2020 డిసెంబరు, 2021 ఏప్రిల్ నెలల నడుమ తయారైన ఆ బండ్లలో కొన్నింటి ఇగ్నిషన్ కాయిల్‌లో లోపమున్నట్లు బయటపడినది. నిప్పురవ్వను పుట్టించు ఆ చిన్న భాగము చెడినచో ఇంజను తడబడును, ఒక్కొక్కప్పుడు ఆగును. నిజముగా కాయిల్ మార్చవలసినవి నూటికి పదికి మించవని సంస్థయే అంచనా వేసినది. బండి యంతయు చెడ్డది కాదు. కొన్ని నెలల సరకులో ఒక్క భాగము చెడ్డది. కొనువాడు ఎంత జాగ్రత్తపరుడైనను దుకాణమున నిలిచి దీనిని కనిపెట్టజాలడు. నడిపినగాని తెలియదు.

తొలి వేయి కిలోమీటర్లలో యంత్రము లోపల ఏమి జరుగునో చూతము. పిస్టను రింగులును, సిలిండరు గోడలును ఒకదానితో నొకటి రాచుకొని సరిపడును. ఆ రాపిడిలో రాలు సన్నని లోహపు పొడి నూనెలో చేరును. మొదటి సర్వీసులో నూనెను, దాని వడపోత డబ్బాను మార్చుటకు ఇదియే కారణము. గొలుసు కొంత సాగి వదులగును. స్పోకులు తమ తమ స్థానములలో కుదురుకొని వదులు కావచ్చును. బ్రేకు ప్యాడ్లు డిస్కుతో పూర్తిగా ఒరయువరకు పట్టు తక్కువగా నుండును. క్రొత్త టైరు పైపొర నునుపుగా నుండుటచే తొలి దినములలో, ముఖ్యముగా వానలో, జారును. ఒంటి సిలిండరు ఇంజను అదురునకు అద్దములు, నంబరు పలక, బ్యాటరీ కొనల బోల్టులు వదులగుచుండును. బండి స్టార్టు కాలేదని గాబరాపడు వేళ, చాలమారులు ఆ బ్యాటరీ బోల్టును బిగించినంతనే చిక్కు తీరును.

ఇక మేడ్చల్, శామీర్‌పేట నివాసులకు ఒక సౌలభ్యము కలదు. పరీక్షకు కావలసిన అన్ని రకముల బాటలును వారి ముంగిటనే యున్నవి. మేడ్చల్ మీదుగా 44వ జాతీయ రహదారి తూప్రాన్, కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాదులను దాటి నాగపూరునకు పోవును. శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి సిద్దిపేట, కరీంనగరములను దాటి రామగుండము వైపు పోవును. రెండింటి నడుమ గ్రామముల బాటలు, మట్టి దారులు, వేగనిరోధకములు కావలసినన్ని కలవు. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారియు ఈ రెండు ఊళ్లను తాకుచున్నది. అయితే దాని ప్రధాన మార్గముపై ద్విచక్ర వాహనములకు అనుమతి లేదు. ప్రక్కనున్న సర్వీసు రోడ్డునే వాడుకొనవలెను.

పరీక్షను మూడు మెట్లుగా చేయుట మేలు. మొదటి సర్వీసు వరకు ఇంటికి 30 కిలోమీటర్ల లోపలనే తిరుగవలెను. ఒకే వేగమున గంటల తరబడి పోక, వేగమును మార్చుచు, ఇంజనును గట్టిగా ఏడిపించక నడపవలెను. బండి ఆగినను మెకానిక్కు దగ్గర, ఇల్లు దగ్గర. సర్వీసు అయిన పిదప శామీర్‌పేట నుండి సిద్దిపేటకు పోయి తిరిగి రావలెను. ఇది రానుపోను సుమారు 150 కిలోమీటర్లు. ఇంటికి చేరినంతనే నూనె కారుచున్నదేమో, గొలుసు వదులైనదేమో, ఏ బోల్టయినను కదలుచున్నదేమో చూచుకొనవలెను. మూడవ మెట్టున, పెద్ద యాత్రలో మోయదలచిన సామానంతయు కట్టుకొని, మేడ్చల్ నుండి నిర్మల్ వరకు ఒక్కనాటిలో పోయి రావలెను. బరువుతో బ్రేకు ఎట్లు పనిచేయునో, సంచుల చట్రము నిలుచునో లేదో అప్పుడే తెలియును. స్పోకుల చక్రములలో ట్యూబులున్నచో, చక్రమును విప్పి పంక్చరు వేయుట కూడ ఇంటి ముంగిట ఒకసారి అభ్యసింపవలెను.

ఈ మూడు మెట్లు ముగిసిన పిదప బండికి క్రొత్తవి ఏవియు తగిలింపరాదు. యాత్రకు ముందునాడు అదనపు దీపములు, ఫోను చార్జరు బిగించుకొనుట కొందరికి పరిపాటి. అందుకై తీగలను కోసి అతికించినచో, ఆ అతుకు దగ్గర యంత్రపు బాల్యము మరల మొదలైనట్లే. వారంటీ చిక్కులును దానివలననే రావచ్చును.

ఏది లోపము, ఏది స్వభావము అను వివేచనయు అవసరమే. వేసవిలో ఇంజను ఆపిన పిదపను ఫ్యాను కొంతసేపు తిరుగుట లోపము కాదు. చల్లబడు లోహము టిక్కుటిక్కుమనుటయు, గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఎ.బి.ఎస్. వలన మీట అదురుటయు అట్టివే. కాని నడచుచుండగా ఇంజను హెచ్చరిక దీపము వెలిగి ఆరకుండుట, కదలిన పిదపను ఎ.బి.ఎస్. దీపము ఆరకుండుట, చల్లబరచు ద్రవము మాటిమాటికి తగ్గుట, ఇంజను కారణము లేక ఆగుట లోపములే. పెట్రోలు సంగతియు గమనింపవలెను. ఇప్పుడు మన బంకులలో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలు వచ్చుచున్నది. ఇథనాలు తేమను పీల్చుకొనును గనుక బండిని నెలల తరబడి కదల్చక నిలిపియుంచుట మంచిది కాదు.

లోపము కనబడినప్పుడు నోటిమాటతో సరిపుచ్చరాదు. ఒక చిన్న పుస్తకమున తేదీ, కిలోమీటర్లు, వాతావరణము, ఏమి జరిగినది వ్రాసికొని, సర్వీసు కేంద్రమున జాబుకార్డులో అదే మాటను వ్రాయించి, నకలు తెచ్చుకొనవలెను. న్యాయము జరుగనిచో జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915నకు ఫోను చేయవచ్చును. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, వివాదమునకు కారణము పుట్టిన రెండు సంవత్సరముల లోపల కమిషనునకు ఫిర్యాదు చేయు హక్కు కలదు. అదే సంవత్సరము సవరించిన మోటారు వాహనముల చట్టము, లోపమున్న బండ్లను వెనుకకు పిలిపించు అధికారమును కేంద్ర ప్రభుత్వమునకు ఇచ్చినది. ఈ హక్కులన్నింటికిని ఆధారము ఆ చిన్న పుస్తకమే.

'ఇంట గెలిచి రచ్చ గెలువుము' అన్న పెద్దల మాట యంత్రమునకును చెల్లును. ఏ బండికైనను తొలి లోపము ఎక్కడనో ఒకచోట బయటపడవచ్చును. అది అడవి నడుమ అర్ధరాత్రి కాక, శామీర్‌పేట చెరువు దగ్గర పట్టపగలు బయటపడునట్లు చేసికొనుట మన చేతిలోని పని. ఒకసారి వచ్చి, సరిచేసిన పిదప తిరిగి రాని లోపము బండికి మచ్చ కాదు. సరిచేసినను అదే లోపము మరల వచ్చినచో, దాని కారణము తేలువరకు ఆ బండిపై దూరము పోరాదు. మూడు మెట్లును దాటి, పుస్తకమున క్రొత్త ఫిర్యాదు లేక తిరిగి వచ్చిన బండిని చూపి, ఇంటివారి ప్రశ్నకు నిజమైన సమాధానము చెప్పవచ్చును.