తేనెటీగల శత్రువునకు శత్రువు

2020వ సంవత్సరమున పాఠశాలలు మూతపడిన నాటినుండి వైరసను మాట వినని బాలుడు లేడు. అయితే వైరసులన్నియు మనుష్యుల జోలికి వచ్చునవి కావు. బాక్టీరియములను మాత్రమే పట్టి చంపునవి అసంఖ్యాకముగ నున్నవి. వీనిని బాక్టీరియోఫేజులనియు, క్లుప్తముగ ఫేజులనియు వ్యవహరింతురు. కీటకముల నాశ్రయించియున్న బాక్టీరియములపై బ్రదుకు ఫేజులను ఎట్లు పట్టుదురో, పట్టి ఎట్లు పరీక్షింతురో విద్యార్థులకు తెలుపదలచితిమి.

ఈ శాస్త్రము పుట్టుకకే యొక కీటకము కారణమనిన వింతగ తోచవచ్చును. 1910 ప్రాంతమున మెక్సికో దేశపు యుకటానులో మిడుతల దండు పడెను. అందు రోగముచే చచ్చిన మిడుతలనుండి ఫెలిక్స్ డెరెల్ అను శాస్త్రజ్ఞుడు ఒక బాక్టీరియమును వేరుచేసెను. దానిని అగరుపై పెంచుచుండగా, బాక్టీరియముల పొర నడుమ అచ్చటచ్చట గుండ్రని తేటచుక్కలు కనబడెను. అచ్చట ఏమియు పెరుగలేదు. మరియొకడైనచో పళ్లెము చెడినదని పారవేసియుండును. డెరెల్ ఆ చుక్కలను మరువలేదు. 1917లో పారిసునందలి పాస్టరు సంస్థలో రక్తవిరేచనముల బాక్టీరియముపై అట్టి నాశనమునే చూచి, ఇది కంటి కగపడని వైరసు పనియని ప్రకటించి, దానికి పేరుపెట్టెను. అంతకు రెండేండ్లకు ముందే ఇంగ్లండులో ఫ్రెడరిక్ ట్వార్టు ఇట్టి సంగతినే ప్రచురించియుండెను. 1927లో డెరెల్ మన దేశమునకు వచ్చి, పంజాబులో కలరాపై ఫేజులను ప్రయోగించి చూచెను.

నేడు ఈ విద్య తేనెటీగల పెంపకమునందు మిక్కిలి యక్కరపడుచున్నది. అమెరికను ఫౌల్‌బ్రూడను తెగులు పేనిబాసిల్లస్ లార్వే అను బాక్టీరియమువలన కలుగును. పొదిగి రెండు దినములైనను కాని పిల్లపురుగు, ఆహారముతో కొలది సిద్ధబీజములను మ్రింగిన చాలును. అది చచ్చి గోధుమవన్నె జిగురుగ మారును. అగ్గిపుల్ల ముంచి లాగిన దారమువలె సాగును. ఆ సిద్ధబీజములు గట్టి పెంకు గలవి. ముప్పదియైదేండ్లకు పైగ బ్రదికియుండగలవు. మందులు పెరుగుచున్న బాక్టీరియములను అణచునే కాని సిద్ధబీజములను చంపజాలవు. అందుచే పెక్కు దేశములందు తెగులు సోకిన పెట్టెలను గోతిలో వైచి కాల్చివేయుదురు. తేనెటీగలవానికి అది తన యిల్లు తాను తగులబెట్టుకొన్నట్లే.

ఇక ఫేజును పట్టు విధము. బాక్టీరియమున్న చోటనే దాని శత్రువుండును గనుక, పెట్టెల క్రింది మన్ను, మైనము, చచ్చిన పిల్లపురుగులు సేకరింతురు. వానిని పోషకద్రవములో కలిపి, అందు బ్రదికియున్న బాక్టీరియమును వేసి, 37 డిగ్రీల వెచ్చదనమున ఉంచుదురు. ఫేజొక్కటియున్నను అది యిచ్చట వేలకువేలగును. పిదప మడ్డిని తీసివేసి, మిల్లీమీటరులో అయిదువేలవ వంతు మాత్రమే రంధ్రములు గల జల్లెడలో వడకట్టుదురు. బాక్టీరియములు పైన నిలిచిపోవును, ఫేజులు జారిపోవును. ఆ తేటను తాజా బాక్టీరియములతోను పలుచని వెచ్చని అగరుతోను కలిపి పళ్లెమున పోసినచో, మరునాటికి డెరెల్ చూచిన తేటచుక్కలే కనబడును. ఒక్క చుక్కను సూదితో తీసి, మరల పలుచచేసి పోయుదురు. ఇట్లు మూడుమారులు చేసినగాని ఒకే జాతి ఫేజు చేతికి చిక్కినదని నమ్మరాదు. ఈ ఓపిక లేనివాని ఫలితములన్నియు కల్తీయే.

ఫేజుల లెక్క మన తరగతి గణితమే. పదిలక్షలవ వంతుకు పలుచచేసిన ద్రవములో మిల్లీలీటరునందు పదవవంతు పోయగా 50 చుక్కలు వచ్చెననుకొందము. మూలద్రవపు ఒక్క మిల్లీలీటరులో 50 కోట్ల ఫేజులున్నవన్నమాట. ఒకే చుక్క ఒకే ఫేజు సంతతి యగుటచే ఈ లెక్క పొసగుచున్నది.

పిదప ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో రూపము చూతురు. ఫేజుల కిట్టి చిత్రములు మొదట 1940లో జర్మనీలో తీయబడెను. ఈ తేనెటీగల బాక్టీరియముపై దొరకిన ఫేజులలో పెక్కింటికి పలుకల తలయు, పొడవైన తోకయు గలవు. ఏ యే బాక్టీరియములను చంపును, ఏ వాటిని ముట్టదు, ఎంత వేడికి ఓర్చును, ఒక బాక్టీరియము పగిలినప్పుడు ఎన్ని పిల్లలు వెలువడును అని పరీక్షింతురు. కడపట దాని జన్యుపదార్థమును అక్షరమక్షరముగ చదువుదురు; సుమారు 40 వేల అక్షరములుండును.

ఈ చదువు వేడుకకు కాదు. కొన్ని ఫేజులు బాక్టీరియమును వెంటనే చంపక, దాని జన్యువులలో దాగి కాపురముండును. వాని చుక్కలు మసకగ నుండును. అట్టివి ఒక్కొక్కప్పుడు బాక్టీరియమునకు క్రొత్త విషమును కూడ ఇచ్చును. డిఫ్తీరియా విషము ఇట్లు ఫేజు మోసికొనివచ్చినదే. తేనెటీగల విషయమున దొరకినవానిలో పెక్కు ఈ దాగు తెగవే యగుటచే, ఏరి కోరి పుచ్చుకొనవలసి యున్నది.

ప్రయోగశాలలలో ఫేజులు తినిపించిన పిల్లపురుగులు, తెగులు సోకించినను, తినిపింపని వానికంటె ఎక్కువగ బ్రదికినవి. ఈగలకు ఫేజులు హాని చేయలేదు. కాని సిద్ధబీజమును ఫేజు కూడ ఏమియు చేయజాలదు. అది పిల్లపురుగు కడుపులో మొలకెత్తి బాక్టీరియమైన పిదపనే పట్టగలదు. కావున తెగులు ముదిరిన పెట్టెకు నేటికిని నిప్పే గతి. ఫేజు కాపాడదగినది ప్రక్కనున్న పెట్టెలను.