వానపామును వేటాడే సుత్తితల పురుగు

కెనడాలో పెరటి తోటలు పెంచేవారికి కొత్త బెడద వచ్చింది. కుండీ ఎత్తితే కింద, తడి మట్టిలో, జిగురుగా పాకే సన్నటి పొడవాటి పురుగు కనిపిస్తుంది. తల అర్ధచంద్రాకారంలో ఉంటుంది. వీపు మీద ఒకే ముదురు గీత ఉంటే అది బైపాలియం అడ్వెంటీషియం. ఆసియా నుంచి మొక్కల మట్టితో పాటు వచ్చిన బల్లపరుపు పురుగు ఇది. మాంట్రియల్‌లో దీని ఉనికిని శాస్త్రవేత్తలు 2019లో నమోదు చేశారు. చలిని తట్టుకుంటుంది కాబట్టి అక్కడ బతకగలుగుతోంది.

దీని ఆహారం వానపాములు. జాడ పట్టి బొరియలోకీ దూరి, తనకంటే పెద్దదానిమీద కూడా ఎక్కి చుట్టుకుంటుంది. నోరు తలలో ఉండదు, పొట్ట మధ్యలో ఉంటుంది. అక్కడి నుంచి గొంతును బయటికి చాపి, జీర్ణరసాలతో వానపామును కరిగించి పీల్చేస్తుంది. గోళచేపలో ఉండే టెట్రోడోటాక్సిన్ అనే విషం దీని ఒంట్లోనూ ఉందని 2014లో తేలింది.

వానపాము రైతు నేస్తమని చిన్నప్పుడే చదువుకున్నాం కదా, ఇక నేల పాడైపోయినట్టేనని కంగారు పడతాం. కెనడాలో సంగతి అంత తేలిక కాదు. మంచుయుగంలో ఆ దేశమంతా దాదాపుగా మంచుపలకల కిందే ఉండేది, వానపాములు దాదాపు మిగల్లేదు. ఇప్పుడు అంటారియో, క్యుబెక్ తోటల్లో కనిపించేవి చాలావరకు యూరప్ నుంచి వలస వచ్చినవారి వెంట చేరినవే. మేపుల్ అడవుల్లో రాలిన ఆకుల పొరను అవి తినేయడంతో నేలను పట్టుకుని బతికే లేత మొక్కలు దెబ్బతింటున్నాయి. అంటే, ఒక పరాయి జీవిని మరో పరాయి జీవి తింటోంది.

అలాగని సుత్తితల పురుగును ఆహ్వానించలేం. తవ్వి ఎరువు వేసే పెరటి మట్టికి వానపాములు మేలే చేస్తాయి. ఉత్తర ఐర్లండ్‌లో 1960ల నుంచి, ఇలాగే వానపాములను తినే న్యూజీలాండ్ బల్లపరుపు పురుగు పాకింది. అక్కడి పచ్చిక నేలల్లో లోతుగా బొరియలు తవ్వే వానపాములు తగ్గాయి. నీళ్లు ఇంకడానికి ఆ బొరియలే దారులు.

కనిపిస్తే పారతో నరకొద్దు, ముక్కలు మళ్లీ పురుగులు కాగలవు. చేతికి తొడుగు వేసుకుని, సీసాలో ఉప్పు గానీ వెనిగర్ గానీ పోసి, అందులో వేసి మూత బిగించండి. తర్వాత చేతులు కడుక్కోండి. పిల్లల్నీ, కుక్కల్నీ దగ్గరికి రానివ్వకండి. ఇది తనంతట తాను ఊళ్లు దాటి పోలేదు, కుండీలతోనే వెళుతుంది. అందుకే స్నేహితులకు కరివేపాకు మొక్క ఇచ్చేముందు కుండీ అడుగునా, వేళ్ల మధ్య మట్టిలోనూ ఒకసారి చూసి ఇవ్వండి. తీసుకునేవారూ అంతే.