డొంకను కాపాడుకునే ఊళ్లో పది రోజులు

ఈసారి వీడియో మన పొలం నుంచి కాదు, ఇంగ్లండ్‌లోని లాక్స్‌టన్ అనే చిన్న పల్లె నుంచి. నాటింగ్‌హామ్‌లో ఉండే మా బావ దగ్గరికి నవంబరు చివర్లో వెళ్లి, ఈ ఊళ్లో గది తీసుకుని పది రోజులున్నాను. చలి, బురద, సాయంత్రం నాలుగింటికే చీకటి.

మన ఊళ్లలాగే ఇక్కడా రైతుల ఇళ్లు వీధి వెంబడే ఉంటాయి. పొలాలు ఊరి బయట. వెస్ట్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్ అని మూడు పెద్ద చేలు, మధ్యలో కంచెల్లేవు. ఒక్కో రైతుకి మూడింట్లోనూ చెక్కలుంటాయి. ఒక ఏడు గోధుమ, మరుసటి ఏడు వసంతకాలపు పంట, మూడో ఏడు బీడు. 1635లో గీసిన పటంలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. ఇది ప్రకృతి వ్యవసాయం చేసే ఊరేం కాదు. నేను చెప్పాలనుకున్నది వేరే.

గోధుమ విత్తాక రైతుల జ్యూరీ ట్రాక్టరు ట్రాలీ ఎక్కి ఆ చేనంతా తిరుగుతుంది. హద్దుకి కొయ్యలు పాతుతుంది. దారిలోకో, ఉమ్మడి గడ్డి నేలలోకో ఎవరైనా దున్నుకుంటూ వచ్చారా అని చూస్తుంది. వస్తే జరిమానా. వారం తర్వాత 'కోర్ట్ లీట్' కూర్చుని తేలుస్తుంది. ఈ భూములు 1952లో ప్రభుత్వానికి, 1981లో క్రౌన్ ఎస్టేట్‌కి, 2020లో థోర్స్‌బీ ఎస్టేట్‌కి చేతులు మారాయి. ఈ కోర్టు మాత్రం ఆగలేదు.

ఆ కొయ్య దగ్గర నిలబడితే మా గుంటూరు జిల్లా ఊళ్లో డొంక గుర్తొచ్చింది. తాతల కాలంలో రెండు ఎడ్లబండ్లు ఎదురెదురుగా తప్పుకునేవట. మొన్న ఖరీఫ్‌లో కోత మిషను నా చేనిదాకా రాలేక నాలుగు రోజులు ఆగింది. ఐదో రోజు వాన. ఎకరంన్నర వరి పడిపోయి మొలకెత్తింది. చుట్టుపక్కల రైతులందర్నీ తిట్టుకున్నా. నిజానికి గట్టు మీద కంది పెడుతూ, ఏటా ఒక సాలు చొప్పున గట్టునే డొంకలోకి జరిపింది నేను కూడా. వ్యవసాయ డిప్లొమా చదివినోణ్ణి!

ఊరొచ్చాక ఎదుటి చేను బాబాయిని అడిగా, డొంక వదులుదామా అని. "ముందు నువ్వెంత వదిలావురా?" అన్నాడు. తప్పు పట్టడానికేముంది? సర్వే రాయి నుంచి టేపు పట్టి కొలిచి, నా గట్టు మూడడుగులు వెనక్కి తీశాను. కందిమొక్కలు పోయాయి. పదిహేను రోజులకి బాబాయి కూడా తీశాడు. ఇంకా ముగ్గురున్నారు. మిషను ఇప్పటికీ నా చేనిదాకా రాదు.

వీడియోలో జ్యూరీ తిరిగిన చేను, మా డొంక రెండూ చూడండి. ఈసారి విత్తేముందు మీ డొంక రైతులంతా ఒక్క పూట కలిసి నడవండి. టేపు మాత్రం ముందు మీ గట్టు దగ్గరే పట్టండి.