చెరకురసము చెప్పు తొలిపాఠములు

రసాయన శాస్త్రమనగానే మన బాలబాలికలలో పలువురు జంకుదురు. సంకేతములను, సూత్రములను వల్లెవేసి, పరీక్ష ముగియగానే మరచిపోవుదురు. ఈ తప్పు పిల్లలది కాదు. వస్తువును చూపకమునుపే దాని సంకేతమును నేర్పుటయే ఇందుకు ముఖ్యకారణమని మా అభిప్రాయము. శిశువు మాట నేర్చిన పిదప గదా అక్షరము దిద్దును!

నాగావళి తీరమున నున్న ఆమదాలవలస ప్రాంతమునే తీసికొందము. ఇది చెరకు పండిన నేల. ఊరిలో ఒకప్పుడు నడచిన చక్కెర కర్మాగారము మూతపడినను, చెరకును, బెల్లమును ఎరుగని బాలుడు ఇచ్చట నుండడు. అతనికి తొలిపాఠములను చెరకురసముతోనే చెప్పవచ్చును.

గానుగనుండి వచ్చిన రసమును పెనములో కాచునపుడు నీరు ఆవిరియై పోవును. రూపము మారినను అది నీరే. ఇది భౌతికమైన మార్పు. పంచదార నీటిలో కరగుటయు ఇట్టిదే. నీటిని ఇగిర్చినచో పంచదార మరల చేతికి వచ్చును. కాని పెద్దలెవరైన చెంచెడు పంచదారను పాతగరిటెలో మాడ్చి చూపినచో వేరొక వింత కనబడును. అది కరగి, ఎఱ్ఱబారి, ఆవిరిని, పొగను వెలువరించి, తుదకు నల్లని బొగ్గుగా మిగులును. ఆ బొగ్గునుండి మరల పంచదార రాదు. ఇది రసాయనికమైన మార్పు.

ఇక రెండవ పాఠము. బెల్లము వండువారు కాగెడు రసములో సున్నపుతేటను ఏల కలుపుదురు? చెరకురసమునకు కొంచెము ఆమ్లగుణము గలదు. ఆమ్లమునకు వేడిమి తోడైనచో చక్కెరలో కొంతభాగము గ్లూకోజు, ఫ్రక్టోజు అను రెండు పదార్థములుగా విడిపోవును. ఇది మితిమీరినచో పాకము గట్టిపడదు, జిగటగా మిగిలిపోవును. రైతు ఏడాది కష్టము పెనములోనే చెడును. సున్నము క్షారము కనుక ఆ ఆమ్లమును అణచును. మలినములు తెట్టుగా పైకి తేలుటకును తోడ్పడును. అయితే సున్నము ఎక్కువైనను బెల్లము రంగు చెడును. కావున శాస్త్రమునందు కొలతయే ప్రాణము.

ఆమ్లక్షారములను గుర్తించుటకు ప్రయోగశాలయే కావలెనని లేదు. పసుపులో సున్నపుతేట కలిపినచో ఎఱ్ఱని పారాణి యగునని మన ఇల్లాండ్రకు తెలియనిది కాదు. ఆ ఎఱుపుపై నిమ్మరసము పిండినచో మరల పసుపువన్నె వచ్చును. పాఠశాలలోని లిట్మస్ కాగితము చేయు పని వంటిదే ఇదియు. సున్నము కంటబడకుండ జాగ్రత్త వహింపవలెను.

ఇంత చూచిన పిదప సూత్రమును వ్రాయింపుడు. చక్కెర అణువులో కర్బన పరమాణువులు 12, ఉదజని పరమాణువులు 22, ఆమ్లజని పరమాణువులు 11 గలవు. పరమాణుభారములు వరుసగా 12, 1, 16. లెక్కించినచో 342 గ్రాముల చక్కెరలో కర్బనము 144, ఉదజని 22, ఆమ్లజని 176 గ్రాములు తేలును. ఈ 22కును 176కును గల నిష్పత్తి 1కి 8. నీటిలో ఉదజనికిని ఆమ్లజనికిని గల నిష్పత్తియు అదియే. గరిటెలో మిగిలిన బొగ్గు, అందుండి లేచిన ఆవిరి ఎచ్చటినుండి వచ్చినవో ఇప్పుడు బాలునకు బోధపడును. అవి బయటినుండి వచ్చినవి కావు. వాటికి మూలమైన పదార్థమంతయు ఆ తెల్లని పలుకులలో ఇమిడియున్నదే.

అట్లు బోధపడిన సూత్రమును వల్లెవేయ నక్కరలేదు. ఇంటిలోని పెద్దలకు మా మనవి ఒక్కటే: పిల్లలు పుస్తకము తెరచినపుడు సూత్రమును అప్పజెప్పుమనక, “ఇది మన యింట ఎచ్చట నున్నది?” అని అడుగుడు. జవాబు వెదకుటతోనే రసాయన శాస్త్రము ఆరంభమగును.