జీవరసాయనశాలలో నీలిరంగు



వైద్యకళాశాలలో క్రొత్తగా చేరిన విద్యార్థికి మొట్టమొదట మూడు శాస్త్రములు నేర్పుదురు: శరీరనిర్మాణము, శరీరధర్మము, జీవరసాయనము. మొదటి దానియందు శవచ్ఛేదనము కలదు. రెండవ దానియందు నాడియు రక్తపుపోటును కలవు. మూడవదియగు మా శాస్త్రమున విద్యార్థికి కనబడునవి గాజునాళికలును రంగునీళ్లును మాత్రమే. “అయ్యా, మేము వైద్యము నేర్వ వచ్చితిమి గాని అద్దకపుపని నేర్వ రాలేదు” అని శిష్యుడొకడు నాతోనే యనెను. నేను కోపగింపలేదు. ఆ వయస్సున నేనును అట్లే తలచితిని. ఆతనికి చెప్పిన సమాధానమునే యీ పూట మీకును విన్నవింతును.

మన రక్తమునందు భాస్వరము కొంత కలదు. ఆరోగ్యవంతుడగు పెద్దవాని రక్తరసము నూరు మిల్లీలీటర్లు తీసికొన్నచో, అందు ఫాస్ఫేటు రూపమున నున్న భాస్వరము సుమారు 2.5 మొదలు 4.5 మిల్లీగ్రాముల వరకు నుండును. మూత్రపిండములు చెడినప్పుడది పెరుగును. ఎముకలు మెత్తబడి వంగిపోవు రికెట్సు వ్యాధియందు తరచుగా తగ్గును. ఇంత స్వల్పవస్తువును త్రాసులో తూచుట యెట్లు? తూచము, రంగుగా మార్చి చూతుము. ముందుగా ఆమ్లము కలిపి మాంసకృత్తులను విరుగజేసి వడకట్టుదుము. తేటకు గంధకికామ్లముతో కూడిన మాలిబ్డేటు చేర్చి, పిమ్మట అమైనోనాఫ్తాల్ సల్ఫానిక్ ఆమ్లమను ద్రవ్యము కొన్ని చుక్కలు వేయుదుము. నీలిరంగు పుట్టును. భాస్వర మెంత హెచ్చో నీలిమ యంత చిక్కన. పరిమాణము తెలిసిన మరియొక నాళికతో దానిని పోల్చినచో లెక్క తేలును.

దీనికి ఫిస్కే–సుబ్బారావు పద్ధతి యని పేరు. ఇది 1925లో అమెరికాలోని బోస్టన్ నగరమున, హార్వర్డు వైద్యకళాశాల జీవరసాయనశాఖలో పుట్టినది. ఆ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమునను మద్రాసునను చదివి, సముద్రములు దాటిపోయిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. శాఖకు పెద్ద ఆటో ఫోలిన్. రక్తమూత్రములలోని పదార్థములను రంగును బట్టి కొలుచు విద్యలో నాతడు దిట్ట. సైరస్ ఫిస్కే అక్కడి ఆచార్యులలో నొకడు. సుబ్బారావుగారు ఆతనితో కలిసి పనిచేసిరి.

కథ ఇంతటితో నాగినచో అది ఆసుపత్రికి పనికివచ్చు మంచి కొలత యొక్కటి దొరికిన కథ యగును. కాని ఆ కొలతను వారు రక్తమునుండి కండరమునకు త్రిప్పిరి. అచ్చట నీలిరంగు మొండికెత్తినది. రక్తపు తేటలో కొన్ని నిమిషములలో నిలుకడకు వచ్చు రంగు కండరపు తేటలో మొదట పలుచగా పుట్టి, నిలువక, అర్ధగంట వరకు చిక్కనగుచు పోయినది. పాత పద్ధతులు మందకొడివి. వానియందు రంగు పుట్టునప్పటికే మార్పంతయు ముగిసిపోవుటచే దీని నెవరును గుర్తింపలేదు.

ఇచ్చట నా సంగతి యొకటి చెప్పవలసియున్నది. నేను పై చదువు చదువునాడు కప్పకాలి కండరముతో నిదే పరీక్ష చేయవలసి వచ్చినది. రంగు నిలువకుండుట చూచి, మందు చెడినదనుకొని, నాళికను తొట్టిలో కుమ్మరించితిని. మరల చేసితిని, మరల అట్లే యయ్యెను. చివరి యంకె నొక్కదానిని పుస్తకమున వ్రాసి గురువుగారికి చూపితిని. ఆయన యంకెను చూడలేదు. “ఏమోయ్, ఎన్ని నిమిషములకు చూచితివి?” అని యడిగిరి. నేను గడియారమే చూడలేదు.

బోస్టన్‌లో వారు గడియారము చూచిరి. నిమిషనిమిషమునకు రంగును వ్రాసికొని, వెనుకకు లెక్కించి, ఆమ్లము సోకకముందు కండరములో స్వేచ్ఛగా నున్న ఫాస్ఫేటు ఎంతో రాబట్టిరి. అది అందరు నమ్మిన దానికంటె చాల తక్కువ. మిగిలినది వేరొక వస్తువుతో జతకూడియుండి, పరీక్షలో వేయు ఆమ్లమునకే విడిపోవుచున్నది. ఆ జతగాడు క్రియాటిన్. ఫోలిన్ శాఖలో క్రియాటిన్‌ను కొలుచుట నిత్యకృత్యము గదా! రెంటిని కొలువగా అణువున కణువు సరిపోయినది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ ఈ విధముగా లోకమునకు తెలిసినది. ఇంగ్లండులో ఎగుల్టన్ దంపతులును ఆ యేడే స్వతంత్రముగా నీ వస్తువు జాడ పట్టిరి.

కండరమును పని చేయించినచో నిది తరుగును. విశ్రాంతి నిచ్చినచో మరల నిండును. కండరపు శక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమని అంతకు పూర్వము పండితుల మతము. 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము ఆ విషయముననే హిల్, మయర్‌హాఫ్‌లకు లభించెను. 1930లో డెన్మార్కు దేశీయుడు లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లము పుట్టకుండ విషమెక్కించిన కండరము సయితము కొంతసేపు ముడుచుకొనుననియు, అప్పుడు ఖర్చగునది ఫాస్ఫోక్రియాటిన్ అనియు చూపెను. ఈలోగా, 1929లో, ఫిస్కే–సుబ్బారావులు కండరమునుండి ఏ.టి.పి. అను పదార్థమును వేరుచేసిరి. జర్మనీలో లోమాన్ ఆ యేడే దానిని కనుగొనెను. ప్రాణికోటి శక్తికి అది చేతిలోని చిల్లరనాణెము వంటిది. ఫాస్ఫోక్రియాటిన్ దానిని తిరిగి నింపు డబ్బుసంచి.

సుబ్బారావుగారు 1940లో హార్వర్డు విడిచి లెడర్లీ పరిశోధనాలయమున చేరిరి. అచ్చటి మందుల కథ మీరు వినియుందురు. 1948లో వారు గతించిరి. మందుల పేర్ల వెనుక ఈ నీలిరంగు మరుగున పడుట నాకు కొంచెము కష్టముగా నుండును.

నేడు ఆసుపత్రులలో భాస్వరమును యంత్రములు కొలుచుచున్నవి. రోగికి త్వరగా ఫలితము వచ్చును. అందుకు నేను సంతోషింతును. అయినను యంత్రము నియమించిన క్షణమున చూచి యంకె నొక్కటే యిచ్చును. కావున ఏటి కొక దినము విద్యార్థులచేత కండరపు తేటను చేతితో పరీక్ష చేయింతును. రంగు పెరుగునని ముందుగా చెప్పను. అద్దకపుపని యన్న శిష్యుడు ఆ దినమున నాళిక పట్టుకొని నా బల్లయొద్దకు వచ్చి, “అయ్యా, ఇది నిలుచుట లేదు. ఏ యంకె వ్రాయుదును?” అనెను.

“అన్నియు వ్రాయుము. ప్రక్కన వేళ వేయుము” అంటిని.