కుక్కకి కూరలు పెట్టేముందు

పోయిన నెల పిక్నిక్‌లో మా బాదంని చూసి నలుగురైదుగురు ఒకే ప్రశ్న అడిగారు. "డాక్టరుగారూ, మీ కుక్క కూరముక్కలు ఇంత ఇష్టంగా తింటోందేమిటి? ఏవి పెట్టొచ్చో, ఎలా పెట్టాలో మాకూ చెప్పండి" అని. విడివిడిగా చెప్పే కన్నా పత్రికలో రాయమని కార్యదర్శిగారు పట్టుబట్టారు. నేను మనుషుల డాక్టర్ని, పశువైద్యురాలిని కాను. ఈ సంగతుల్లో సగం మా పశువైద్యుడి దగ్గర విన్నవి, కొన్ని చదివినవి, ఒకటి మాత్రం దెబ్బ తిని నేర్చుకున్నది. ముందు ఆ ఒక్కటీ చెబుతాను.

2024 ఉగాదికి మా అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చి ఇక్కడే ఉన్నారు. సంఘం పండగ శనివారం. పులిహోర మా ఇంటి వంతు. శుక్రవారం రాత్రి ఆవిడ పెద్ద గిన్నెలో చింతపండు నానబెట్టి, పిసికి, పులుసు తీసి పిప్పి వేరే పెట్టారు. కౌంటరు మీద చోటు లేదని ఆ పిప్పి గిన్నె కింద పెట్టింది నేను. పది నిమిషాల తర్వాత చూస్తే గిన్నె కడిగినట్టు ఉంది. బాదం మూతి నాక్కుంటోంది. అది లాబ్రడార్, దొరికిందల్లా తినే జాతి. "అంత పులుపు ఎలా మింగావే" అని అందరం నవ్వుకున్నాం కూడా.

ఆ రాత్రి రెండుసార్లు వాంతి చేసుకుంది. తెల్లారి మళ్లీ. పండగ హడావుడిలో ఉన్నాను, అజీర్తి, అదే తగ్గుతుందిలే అనుకున్నాను. మనిషి ఎవరైనా వచ్చి ఇలా ఉందని చెబితే నేను అంత తేలిగ్గా వదలను. ఆదివారానికి అది తిండి ముట్టడం మానేసింది. నీళ్లు మాత్రం తెగ తాగుతోంది. పేరు పెట్టి పిలిస్తే తోక కదిపింది గాని లేవలేదు. అప్పుడు ఆస్పత్రికి తీసుకువెళ్లాం. క్రియాటినిన్ 4.2 అన్నారు. అలాంటి అంకెలు నేను రోజూ చూసేవే. అయినా ఆ కాగితం పట్టుకుంటే నా చేతులు చల్లబడ్డాయి. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. నాలుగు రోజులు సెలైన్ మీద ఉంచారు.

ఆ నాలుగు రోజులూ అత్తయ్యగారు సరిగా అన్నం తినలేదు. "మూగజీవాన్ని పండగపూట పొట్టన పెట్టుకున్నాను కదమ్మాయ్" అని ఒకటే బాధ. "గిన్నె కింద పెట్టింది నేనండీ అత్తయ్యగారూ, మీరు కాదు" అని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. బాదం బతికింది. రక్తపరీక్షలు మామూలుకి రావడానికి ఆరు వారాలు పట్టింది.

ద్రాక్షపండ్లు, కిస్‌మిస్ కుక్కల మూత్రపిండాలకి విషమని పశువైద్యులకి చాలాకాలంగా తెలుసు. అందులో ఏ పదార్థం ఆ పని చేస్తోందో తెలియలేదు. ఒక కుక్క గుప్పెడు తిని హాయిగా తిరిగేది, ఇంకొకటి కాసిని తిని మంచం పట్టేది. 2021లో అమెరికాలో కొందరు పశువైద్యులకి ఒక ఆధారం దొరికింది. పిల్లలు ఆడుకునే పిండిముద్ద, క్రీమ్ ఆఫ్ టార్టార్ వేసి ఇంట్లో చేసింది తిన్న కుక్కకి సరిగ్గా ద్రాక్ష తిన్నట్టే మూత్రపిండాలు పాడయ్యాయి. అప్పటినుంచి అనుమానం టార్టారిక్ ఆమ్లం మీదికి మళ్లింది. ద్రాక్షలో ఇది రకాన్ని బట్టి, పక్వాన్ని బట్టి మారుతుంది గనుక ఆ ఎగుడుదిగుళ్లకీ అర్థం దొరికింది. 2022లో వాళ్లు ప్రచురించిన కేసుల్లో చింతపండు తిన్న కుక్కలూ ఉన్నాయి. చింతపండులో ఆ ఆమ్లం మెండని మనకి వేరే చెప్పాలా!

ఇక్కడి పుస్తకాల్లో ద్రాక్ష గురించి పెద్ద అక్షరాలతో ఉంటుంది, చారు గురించి ఎవరు రాస్తారు? కాబట్టి మన వంటింటి జాబితా మనమే రాసుకోవాలి. చారు, సాంబారు, పులుసు, పులిహోర, గోంగూరలో వేసిన చింతపండు గుజ్జు, ఉగాది పచ్చడి, పరమాన్నంలో కిస్‌మిస్. చారు చుక్క నేలమీద పడితే నాకి చచ్చిపోతుందని కాదు. ఎంతవరకు ఫరవాలేదో గీత గీసి చెప్పగలిగిన వారు లేరు గనుక దాని గిన్నెలోకి అసలు పోనివ్వకండి. పొరపాటున తింటే నాలాగా ఆదివారం దాకా ఆగవద్దు. తిన్న గంటా రెండు గంటల్లోపు తీసుకువెళితే పశువైద్యులే మందుతో వాంతి చేయిస్తారు. మన పద్ధతిలో ఉప్పునీళ్లు పట్టించకండి, రక్తంలో సోడియం పెరిగి అదొక ప్రమాదం. రాత్రివేళ అయితే ఏఎస్‌పీసీఏ వారి విషప్రమాదాల ఫోను 888-426-4435, రోజంతా ఉంటుంది, రుసుము తీసుకుంటారు.

రెండో శత్రువు ఉల్లి, దాని చుట్టం వెల్లుల్లి. పచ్చివైనా, వేయించినా, పొడి చేసినా ఒకటే. ఎర్రరక్తకణాల్లో హీమోగ్లోబిన్‌ని పాడుచేసి కణాలు పగిలేట్టు చేస్తాయి. జీ6పీడీ లోపం ఉన్నవారికి ప్రైమాక్విన్ ఇస్తే ఏం జరుగుతుందో మనలో డాక్టర్లకి గుర్తుండే ఉంటుంది. దాదాపు అదే కథ, సూక్ష్మదర్శినిలో అవే హైంజ్ బాడీలు. కుక్క బరువులో 0.5 శాతం ఉల్లి ఒక్కసారి తింటే చాలు. అంటే 20 కిలోల కుక్కకి 100 గ్రాములు, ఓ మాదిరి ఉల్లిపాయ. లక్షణాలు కొన్ని రోజుల తర్వాత గాని బయటపడవు. చిగుళ్లు పాలిపోయి, మూత్రం టీ రంగులో వస్తుంది. ఈలోగా ఏం తిన్నదో ఇంట్లో అందరూ మర్చిపోతారు. ఉల్లి, వెల్లుల్లి వాడని ఇళ్లవారికి ఈ బాధ తప్పింది. చింతపండు వాడని ఇల్లు మాత్రం నాకింకా తగల్లేదు.

"మన ఊళ్లో కుక్కలు విస్తట్లో మిగిలింది తిని బతకలేదా?" అని ఒక పెద్దాయన అడిగారు. బతికినవే మన కళ్లముందు తిరిగాయి. బతకనివాటికి క్రియాటినిన్ చూసిందెవరు?

ఇక పెట్టగలిగినవి. క్యారెట్, ఆకుపచ్చ బీన్స్, గుమ్మడికాయ, చిలగడదుంప, కీరా దోసకాయ, పచ్చి బఠాణీ. పండ్లలో అరటి, యాపిల్, బ్లూబెర్రీ, గింజా తొక్కా తీసిన పుచ్చకాయ. యాపిల్‌కి గింజలతో సహా మధ్యభాగం తీసేయాలి, గింజల్లో సైనైడ్‌నిచ్చే పదార్థం ఉంది.

చేసే పద్ధతి చాలా తేలిక, ఎందుకంటే మనం వంటలో చేసేదంతా ఇందులో మానెయ్యడమే. ఉప్పు లేదు, కారం లేదు, తిరగమోత లేదు. కుక్క నమలదు, మింగుతుంది. దాని లాలాజలంలో మనకున్నట్టు పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ లేదు, అది క్లోమం నుంచి పేగులోకి వస్తుంది. అందుకే పెద్ద పచ్చి క్యారెట్ ముక్క పెడితే మర్నాడు పెరట్లో దాదాపు అదే ఆకారంలో కనిపిస్తుంది! కడిగి, చెక్కు తీసి, చిన్న ముక్కలు కోసి, ఇడ్లీపాత్రలో ఆవిరి మీద వేలితో నొక్కితే నలిగేంత మెత్తగా ఉడికించండి. చిలగడదుంప ఇంకొంచెం సేపు ఉండాలి. చల్లారాక మెదపండి, లేదా మిక్సీలో ఒక తిప్పు తిప్పండి. ఆ మిక్సీ జారులో అంతకుముందు ఉల్లిపాయ పచ్చడి చేసి ఉంటే శుభ్రంగా కడగాలి సుమా. నేను ఆదివారం ఒక్కసారే చేసి ఐస్ ట్రేలలో పోసి గడ్డకట్టిస్తాను. రాత్రి రెండు గడ్డలు ఫ్రిజ్‌లో కిందికి దింపితే పొద్దుటికి సిద్ధం. కొత్తది ఏదైనా ఒక చెంచాతో మొదలుపెట్టి రెండు రోజులు విరేచనం చూసుకోవాలి.

ఎంత? అదనపు తిండి అంతా కలిపి రోజు కేలరీల్లో పదోవంతు దాటకూడదు. 20 కిలోల కుక్కకి రోజుకి సుమారు 1000 కేలరీలు అనుకుంటే వీటి వంతు 100. మాదిరి క్యారెట్‌లో 25 ఉంటాయి, అరటిపండులో 100 పైనే. ఒక్క అరటిపండుతో ఆ రోజు కోటా అయిపోయింది. 5 కిలోల కుక్కకి మూడోవంతు పండు చాలు. విటమిన్ సి కోసం పండ్లు పెట్టాలనుకునేవారు ఆ దిగులు మానండి, కుక్క కాలేయం దాన్ని స్వయంగా తయారుచేసుకుంటుంది.

శాకాహారుల ఇళ్లలో పప్పన్నం, పెరుగన్నంతోనే పెంచుదామనే ఆలోచన కనిపిస్తోంది. కుక్క తోడేలు కాదు, పిండిపదార్థం బాగానే అరిగించుకుంటుంది. కాని రోజూ అదొక్కటే అయితే పోషకాలు తక్కువవుతాయి. ఇక్కడి ఎఫ్‌డీఏ వారు 2018లో బఠాణీ, పప్పుధాన్యాలు ఎక్కువగా ఉన్న తిండికీ కుక్కల గుండె జబ్బుకీ సంబంధం ఉందేమోనని పరిశీలన మొదలుపెట్టారు. కారణం రుజువు కాలేదు. నా మటుకు నేను సంపూర్ణాహారమని రాసి ఉన్న డబ్బా తిండినే ప్రధానంగా పెట్టి, కూరలు పక్కన వడ్డిస్తాను.

మామిడిపండు గుజ్జు మంచిదే. టెంక మాత్రం దాచండి, పేగుకి అడ్డం పడితే ఆపరేషనే. మొక్కజొన్న కండెలూ అంతే.

అత్తయ్యగారు ఇప్పుడు తెనాలిలో ఉన్నారు. ఆదివారం ఫోనులో ముందు మనవల సంగతి, వెంటనే "బాదం నీళ్లు ఎక్కువ తాగుతోందా?" అని అడుగుతారు. మామూలుగానే తాగుతోందని చెబుతాను. మా ఇంట్లో చింతపండు పిప్పి ఇప్పుడు సంచిలో మూటకట్టి నేరుగా గరాజ్‌లో మూత ఉన్న చెత్తడబ్బాలోకి వెళుతుంది.